నీటికోళ్ళలంకలో పుష్యమాసపు వానాకాలం

నేలంటే మా నీటికోళ్ళలంక నేలే నేల. మిగతా ఊళ్ళవన్నీ ఉత్త మట్టి. మా నేలలో చెమ్మ ఎంతటిదంటే, వెనకటికి మా తాత పొరుగూరు వెళుతూ, చుట్ట ముట్టించుకోడానికని చేతికర్రని గట్టు పక్కన గుచ్చాడట. గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతున్నాయి. ఎలాగో చుట్ట అంటించి, రెండు దమ్ములు లాగి, కర్ర కోసం చెయ్యి చాపితే వేళ్ళకి చిగురు తగిలిందట. ఇంకో చుట్ట కూడా కాల్చి ఉంటే నీడన కూర్చుని లేచేవాణ్ణని పోయేదాకా చెప్పుకున్నాడు. అదీ మా నేల. ఏది పాతినా చెట్టయి కూర్చుంటుంది.

అలాంటి ఊళ్ళో మొక్కలు నాటడానికి ఏ కాలం మంచిదో తేల్చడం కోసం ఒక ప్రభుత్వ శాఖ, ఒక సంఘం, ఒక ఆయిలింజను పడ్డ పాట్లు ఇప్పుడు చెబుతాను.

ముందు గట్టు సంగతి చెప్పాలి. మా ఊరికీ తారురోడ్డుకీ మధ్య ఉన్నది ఒకటే దారి, మట్టిగట్టు. దానికి రెండువైపులా పల్లం. వానలు పడితే పల్లమంతా నీళ్ళు నిండి, ఆ నీళ్ళ మధ్య గట్టు ఈదుతున్న పాములా కనిపిస్తుంది. ఏటా శ్రావణంలో ఆ పాము ఎక్కడో ఒకచోట తెగుతుంది. తెగిన రోజు నుంచి మళ్ళీ నీరు తీసేదాకా పెళ్ళికయినా చావుకయినా పడవే.

ఒక శ్రావణంలో సర్పంచి పల్లాలమ్మ కోడలు రత్నానికి నొప్పులొచ్చాయి. కొడుకు చేపల వేటకి సముద్రం మీదకి వెళ్ళాడు. గట్టు తెగి ఉంది. పల్లాలమ్మే కోడల్ని పడవలో పడుకోబెట్టి, పైన గొడుగు పట్టి, అవతలి ఒడ్డుకి బయలుదేరింది. గట్టు తెగినచోట సుడిలో పడవ గింగిరాలు తిరుగుతుండగా మనవడు పుట్టేశాడు. గంగరాజని పేరు పెట్టారు. ఊరంతా ఈ కథ నవ్వుతూ చెప్పుకుంటారు. పల్లాలమ్మ మాత్రం నవ్వదు. పడవ తిరుగుతున్న ఆ కాసేపూ రత్నం చెయ్యి తన చేతిలో చల్లబడిపోవడం ఆవిడకి ఇంకా గుర్తే. ఆ రోజే ఒక మాట అనుకుంది: దీని రెండో కాన్పుకి గట్టు మీదుగా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. గట్టు నిలబడాలి. అంతే.

మట్టిగట్టు నిలబడాలంటే దానికి రెండువైపులా చెట్లుండాలి. వేళ్ళు అల్లుకుంటే మట్టి జారదు. ఈ సంగతి హరితవృద్ధి శాఖ వారికీ తెలుసు. పల్లాలమ్మ తిరగ్గా తిరగ్గా వాళ్ళు ఒక పథకం మంజూరు చేశారు. ముందు గట్టు వాలున మొక్కలు నాటాలి. అవి బతికితే గట్టు ఎత్తు చెయ్యడానికి మట్టి తోలిస్తారు. చస్తే మాత్రం గట్టు పేరు జాబితాలోంచి కొట్టేస్తారు, మళ్ళీ ఎక్కించరు. మరీ కఠినంగా ఉంటుందేమోనని ఒక్క తప్పుకి మాత్రం మినహాయింపు ఉంచారు.

ఇక నాటే కాలం. శాఖ వారి ఉత్తర్వు ప్రకారం రాష్ట్రంలో మొక్క అనేది నాటితే శ్రావణమాసంలో వనపక్షమని పేరు పెట్టిన పదిహేను రోజుల్లోనే నాటాలి. కొండయినా సరే, ఇసకపర్రయినా సరే, నీటికోళ్ళలంకయినా సరే.

"శ్రావణంలోనా? అప్పుడు మా ఊళ్ళో నేల ఉండదండి," అంది పల్లాలమ్మ.

"నేల ఉండకపోవడమేమిటమ్మా? రికార్డుల్లో ఉందిగా," అన్నాడు సూపరింటెండెంటు కామేశం.

వనపక్షం మొదటిరోజు ఉదయం సరిగ్గా పది గంటలకే సహాయ సంచాలకులు భానోజీరావు గారు జీపు దిగారు. తెల్ల చొక్కా, కొత్త గొడుగు, వెనకాల కామేశం. ఎదురుగా సముద్రంలా నీళ్ళు. ఆ ఏడు గట్టు ఇంకా తెగలేదు కానీ, దాని వాలంతా మొలలోతు నీటిలో ఉంది.

భానోజీరావు గారు కాసేపు నీళ్ళ వంక చూసి, గొంతు సవరించుకుని, "నాటవలసిన స్థలం ఎక్కడ?" అన్నారు.

"అదిగోనండి, ఆ కొంగ నిలబడిందే, దాని కాళ్ళ కింద," అంది పల్లాలమ్మ.

"కొంగకి కాళ్ళు అందుతున్నాయంటే లోతు అనుమతించదగినదే," అన్నాడు కామేశం, రాసుకుంటూ.

"అది పడవ తాడు కట్టే గుంజ మీద నిలబడిందండి బాబూ."

కామేశం కొట్టేసి మళ్ళీ రాసుకున్నాడు.

అలా ఆ రోజు పడవల్లోంచి మొక్కలు నాటారు. మనుషులు ఊపిరి బిగబట్టి మునగడం, అడుగున గొయ్యి తియ్యడం, పైకొచ్చి మొక్క పుచ్చుకుని మళ్ళీ మునగడం. ఈలోగా గొయ్యి పూడిపోవడం. పల్లాలమ్మ మొగుడు తాతబ్బాయి మునిగి తేలి, మూతి తుడుచుకుంటూ, "గొయ్యి దొరకలేదు గానండి, కొరమేను దొరికింది. నాటెయ్యమంటారా?" అన్నాడు.

"పరిహాసాలొద్దు. మొక్కలు మునిగిపోకుండా చర్యలు తీసుకోండి," అన్నారు భానోజీరావు గారు.

చర్యలంటే ఏముంది, వలలకి కట్టే బెండ్లు తెచ్చి ఒక్కో మొక్క మెడకి ఒక్కోటి కట్టారు. మునగడం మానేశాయి. మునగడంతో పాటు నిలబడ్డం కూడా మానేశాయి. నేరేళ్ళు, కానుగలు, తెల్లమద్దులు అన్నీ తలలు పైకెత్తి, గాలివాటున బారులు తీరి, పొరుగూరి వైపు సాగిపోయాయి. ప్రతి మొక్కా ఎక్కడుందో ఫోను పటంలో చుక్క పెట్టాలని నియమం. కామేశం చుక్క పెట్టేసరికి మొక్క దాటిపోతోంది. మొక్క దగ్గరికి పడవ తోలించేసరికి చుక్క వెనకబడిపోతోంది. పొద్దు వాలేసరికి మా మొక్కలన్నీ పొరుగూరి రేవులో తేలాయి. ఆ ఊరి సర్పంచి వాటి పక్కన నిలబడి ఫొటో తీయించుకుని, తమ ఊళ్ళో వనపక్షం దిగ్విజయంగా ముగిసిందని పైకి పంపించేశాడు.

భానోజీరావు గారి నివేదికలో మాత్రం ఒక్కటే వాక్యం ఉంది: "మొక్కలు ఆరోగ్యముగా ఉండి, సంతృప్తికరముగా సంచరించుచున్నవి."

సంచారం ముగిశాక అన్నీ కుళ్ళిపోయాయి. ఒక్కటీ మిగలలేదు.

ఏది పాతినా చెట్టవుతుందని మొదట్లో అన్నానే, ఆ మాట ఇక్కడ వెనక్కి తీసేసుకుంటున్నాను. నీళ్ళు నిలిచినప్పుడు మా నేలలో ఏది పాతినా పేడై కూర్చుంటుంది. మా తాత చేతికర్ర కూడా చిగురేమీ వెయ్యలేదు. చుట్ట కాల్చి చూసేసరికి సగం బురదలోకి దిగబడిపోయింది. లాగితే పిడి ఒక్కటే చేతికొచ్చింది. పాపం కుంటుకుంటూ ఇల్లు చేరాడు. పిడి ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, పచ్చళ్ళ జాడీ మీద మూత కదలకుండా పెడతాం.

పల్లాలమ్మ బస్సెక్కి జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. మినహాయింపు ఉన్న ఒక్క తప్పూ అయిపోయింది. ఈసారి చస్తే గట్టు పేరు పోతుంది. భానోజీరావు గారి బల్ల ముందు నిలబడి, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

"పుష్యమాసంలో నాటుకోనివ్వండి సార్. అప్పటికి నీరు తీత్తది. వాలు బయటపడతది. మళ్ళీ వరద వచ్చేలోపు మొక్క మనిషెత్తు లేత్తది. మా ఊళ్ళో ఎవర్నడిగినా ఇదే చెప్తారు."

భానోజీరావు గారు తలుపు వంక చూశారు. కామేశం బయట ఉన్నాడు. గొంతు తగ్గించారు.

"నాకు తెలీదటమ్మా? మాదీ పల్లపు ఊరే. మా నాన్న పుష్యంలో తప్ప కొబ్బరిమొక్క ముట్టుకునేవాడు కాదు. నీరు దిగుతూ ఉంటే వేరు దాన్ని వెతుక్కుంటూ లోపలికి పోతుందనేవాడు."

"మరి ఆ మాటే కాగితం మీద పెట్టండి సార్."

"మా నాన్న చెప్పాడని రాయమంటావా? అది ఇంట్లో మాటమ్మా. ఇంట్లో నేను కొడుకుని, ఇక్కడ సహాయ సంచాలకుణ్ణి. ఇద్దరం ఒకరి పనుల్లో ఒకరం కల్పించుకోం."

"సహాయం పేరులోనే ఉందన్నమాట," అంది పల్లాలమ్మ.

ఆయనకి కోపం రాలేదు. పైగా నవ్వొచ్చింది. కామేశం లోపలికి రావడం చూసి నవ్వు మింగేసి, గంభీరంగా, "ఉత్తమ ఋతువును నిర్ణయించుటకు ఒక సంఘాన్ని నియమించడమైనది," అన్నారు. అంత తొందరగా సంఘం పుట్టడం కామేశం తన ఉద్యోగ జీవితంలో చూడలేదు. వెంటనే టీలు చెప్పాడు.

ఋతు నిర్ణయ సంఘం కొలువు తీరింది. పల్లాలమ్మకి ప్రత్యేక ఆహ్వానితురాలని పేరు పెట్టి, ఫ్యాను తిరగని మూల కుర్చీ వేశారు.

ముందుగా కాలవల శాఖ ఆయన లేచాడు. "కాలవలు కట్టేసిన జ్యేష్ఠమాసమే శ్రేష్ఠమని మా అభిప్రాయం. అప్పుడు నీటి సమస్య ఉండదు. నీరే ఉండదు."

పశువుల శాఖ ఆయన ఒప్పుకోలేదు. "జ్యేష్ఠంలో మేకలు ఊళ్ళోనే ఉంటాయి. అవి వేరే ఊరికి మేతకి వెళ్ళిన కాలమే మొక్కకు మేలు."

"మా ఊళ్ళో మేకల్లేవండి, నీళ్ళని," అంది పల్లాలమ్మ.

"లేని పక్షంలో ముందు మేకల పథకం కింద మంజూరు చేసి, తరువాత వాటిని వేరే ఊరికి పంపవచ్చు," అన్నాడాయన, దయగా.

లెక్కల విభాగం ఆయన తల ఎత్తకుండా, "మార్చి నెలాఖరు," అన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అప్పటికల్లా నిధులు ఖర్చు కావాలని అందరికీ తెలుసు. అందరూ భక్తిగా తలూపారు.

ఆ తర్వాత భూసార నిపుణుడి నివేదిక చదివారు. మా నేల తడినేలా కాదా అని తేల్చడానికి ఆయన అంతకు ముందు వారమే వచ్చి, గట్టు దిగి ఒక్కడుగు వేశాడు. మోకాలి దాకా దిగబడ్డాడు. నలుగురు పట్టి లాగితే మనిషి వచ్చాడు గానీ బూటు రాలేదు. నివేదికలో ఇలా ఉంది: "నేల యందు తేమ కలదు. పాదరక్ష ఒకటి లేదు."

ఏ శాఖ మనసూ నొచ్చుకోకుండా చివరికి భానోజీరావు గారే తీర్మానం చెప్పారు. వనపక్షం నియమం ప్రకారం నాటేటప్పుడు వర్షం కురవాలి. కాలవల శాఖ కోరినట్టు నేల మీద నీరు నిలవకూడదు. కనుక "వర్షము కురియుచుండుట, నేలపై నీరు లేకుండుట అను రెండును ఏకకాలమున సంభవించు సమయమే ఉత్తమ ఋతువు. అట్టి సమయము ఏ మాసమున వచ్చినను అభ్యంతరము లేదు." అందరూ చప్పట్లు కొట్టారు.

పల్లాలమ్మ చెయ్యెత్తింది. "అలాంటి కాలం మా ఊళ్ళో రాదండి. వానుంటే నీళ్ళుంటాయి, నీళ్ళు తీసేసరికి వాన పోద్ది."

కామేశం కాగితం తిరగేసి ఆఖరి పంక్తి చదివాడు. శాఖ వారి ప్రతి కాగితం చివరా ఉండే పంక్తే అది. "ఇందుకు అవసరమగు సమస్త ఏర్పాట్లు స్థానిక పంచాయతీయే చేసుకొనవలెను."

పల్లాలమ్మ భానోజీరావు గారి వంక చూసింది. ఆయన గది పైకప్పు వంక చూస్తున్నారు. మీసం చివర మాత్రం చిన్నగా కదిలింది.

ఇంటికి వచ్చి చెబితే తాతబ్బాయి చుట్ట నోట్లోంచి తీసి, "వాన ఏర్పాటు చేసుకోమన్నారా? ఏంటే, షామియానా లాగా అద్దెకొత్తదా?" అన్నాడు.

"అద్దెకెందుకయ్యా? మనకి సొంతందే ఉందిగా," అంది పల్లాలమ్మ, కొట్టాం వైపు చూస్తూ.

కొట్టాంలో గోనెపట్టా కప్పుకుని ఉంది మినపచేలకి నీళ్ళు తోడే ఆయిలింజను.

పుష్యమాసం వచ్చింది. నీరు లాగేసింది. గట్టు వాలు నల్లగా, మెత్తగా, అప్పుడే దించిన సంకటి ముద్దలా బయటపడింది. ఊరి మగవాళ్ళు వెదురుగడలు పాతి, పైన గొట్టం కట్టి, దానికి మేకుతో జల్లెడలా చిల్లులు పొడిచారు. ఒక కొస ఇంజనుకి తగిలించారు. ఆడవాళ్ళు గోతులు తీసి, ఒక్కో దాని పక్కన ఒక్కో మొక్క పెట్టి, కొంగులు దోపుకుని నిలబడ్డారు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మబ్బు తునక కూడా లేదు.

ఉదయం సరిగ్గా పది గంటలకే భానోజీరావు గారు జీపు దిగారు. దిగీ దిగగానే గొడుగు తెరిచి పట్టుకున్నారు.

కామేశం ఎండకి కళ్ళు చిట్లించి, "సార్, వాన పడుతోందాండి?" అన్నాడు.

"గొడుగు వేశాను కదయ్యా."

కామేశం కూడా గొడుగు వేశాడు. వాన కొలిచే డబ్బా గట్టు మీద పెట్టి, పక్కన నిలబడ్డాడు.

తాతబ్బాయి ఇంజను తిప్పాడు. అది దగ్గి, తుమ్మి, నల్లటి పొగ ఒక్కసారి కక్కింది. "మబ్బు పట్టినది," అని రాసుకున్నాడు కామేశం. తర్వాత డుబడుబమంటూ మోత. "ఉరుములు." ఆ పైన గొట్టం మెలికలు తిరిగి, చిల్లులన్నిట్లోంచి జల్లు మొదలైంది. గట్టు పొడుగునా ఒకటే వాన. ఆ వానని నమ్మి కప్పలు బురదలోంచి లేచి బెకబెకమన్నాయి. పొరుగూరి మీదుగా పోతున్న నీటికోళ్ళు, కాలం మారిపోయిందనుకుని, వెనక్కి తిరిగి మా ఊళ్ళో వాలాయి.

"నాటండి! నాటండి!" అని అరిచింది పల్లాలమ్మ. ఆడవాళ్ళు వాలు పొడుగునా ఒంగారు. చినుకులు వీపుల మీద టపటప పడుతున్నాయి, చేతులు మాత్రం ఆగడం లేదు.

కామేశానికి ఒక్కటే అనుమానం. "సార్, దీన్ని వర్షమని నమోదు చేయవచ్చునాండి? గొట్టం కనిపిస్తోంది."

"వర్షమంటే ఏమిటయ్యా?"

"నీరు పైనుంచి కిందికి చినుకుల రూపంలో పడుటండి."

"పడుతోందా?"

"పడుతోందండి."

"గొట్టం గురించి నిర్వచనంలో ఏమైనా ఉందా?"

"లేదండి."

"మరి లేనిదాన్ని చూడ్డమెందుకు?"

అంతలో ఇంజను కాలవలోంచి ఒక చేదుపరిగ చేపని లాక్కుని, గొట్టం కొసనుంచి విసిరింది. అది వచ్చి కామేశం గొడుగు మీద పడి, జారి, వాన డబ్బాలో దూకింది. కామేశం డబ్బాలోకి తొంగి చూసి, "భారీ వర్షం, మత్స్యసహితం," అని రాసి, చేపతో సహా కొలత పంపించేశాడు.

వాన ఎప్పుడాగుతుందని భానోజీరావు గారు అడిగితే, "డీజిలు అయిపోయాకండి," అన్నాడు తాతబ్బాయి.

మొక్కలు బతికాయి. వేళ్ళు నీటి వెంట పడి లోపలికి పోయాయి. తనిఖీకి వచ్చినవాళ్ళు ఒక్కో మొక్కనీ గిల్లి చూసి వెళ్ళారు. వేసవిలో గట్టుకి మట్టి వచ్చింది. అంతటితో అయిపోతే ఇది కథ ఎలా అవుతుంది?

కామేశం పంపిన వాన లెక్క జిల్లాకి చేరింది. జిల్లా నుంచి పైకి వెళ్ళింది. పైనున్న పెద్దలు దాన్ని మిగతా లెక్కల పక్కన పెట్టి చూసి, నీటికోళ్ళలంకలో వానాకాలం పుష్యమాసంలో వస్తుందని తేల్చారు. పుష్యంలో వానలైతే, వానలుండవలసిన శ్రావణంలో ఎండలుండాలి కదా. అలా తారుమారు చేసేసరికి శ్రావణమాసం నడి వేసవి అయి కూర్చుంది.

ఆ శ్రావణంలో ముసురు పట్టి, ఊరు మూడువంతులు నీళ్ళలో ఉండగా, పంచాయతీకి వడదెబ్బ హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నం వేళ ఎండలో తిరగరాదట. తలపై తడిగుడ్డ వేసుకోవాలట. మాకు ఒంటి మీద పొడిగుడ్డ దొరికి అప్పటికి వారం దాటింది. చలివేంద్రం పెట్టమని కుండలు పంపారు. అవి రేవులో దించగానే తేలుకుంటూ పొరుగూరి వైపు వెళ్ళిపోయాయి. మా ఊరినుంచి ఏది తేలినా అటే పోతుంది, వాళ్ళూ కాదనరు. గట్టు మాత్రం ఆ ఏడు అక్కడక్కడ జారిందే గానీ తెగలేదు.

మరుసటి శ్రావణానికి రత్నానికి నెలలు నిండాయి.

ఆ ఏడు వరద మామూలుది కాదు. నీరు గట్టు మీదికి ఎక్కి పాదాలు తడిసేటంత పారుతోంది. దారి కనిపించడం లేదు. నీళ్ళలోంచి పైకి లేచిన రెండు వరసల చెట్లు మాత్రం కనిపిస్తున్నాయి. వాటి మధ్యనే గట్టు ఉన్నట్టు. ఉన్నదో, కింద కొట్టుకుపోయిందో ఎవరికి తెలుసు?

పొద్దున్నే రత్నానికి నొప్పులు మొదలయ్యాయి. కొడుకు మళ్ళీ వేటకే వెళ్ళాడు. పడవ కడదామంటే ప్రవాహం తాళ్ళు తెంపేస్తోంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే, ఆ గట్టు తెగిన గట్టుగా తమ దగ్గర నమోదై ఉందనీ, తెగలేదని కాగితం చూపిస్తేగానీ బండి రాదనీ చెప్పారు.

"గట్టు మీద నడిచెళ్ళిపోదామా అత్తా?" అంది రత్నం, పళ్ళ బిగువున.

"నోర్మూసుకో. నిన్ను నడిపిత్తానా?" అంది పల్లాలమ్మ. కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు చల్లబడ్డ చెయ్యే మళ్ళీ తన చేతిలో ఉంది.

తాతబ్బాయి అరుగు మీంచి కేకేశాడు. "ఏయ్! గట్టు మీద ఏదో వత్తంది!"

అందరూ బయటికి వచ్చారు. రెండు వరసల చెట్ల మధ్య, నీళ్ళు చిమ్ముకుంటూ, హారను కొట్టుకుంటూ, నిండు ట్యాంకరు వస్తోంది. దాని పొట్ట మీద ఎర్రక్షరాలతో "వేసవిలో మొక్కలను కాపాడుదాం" అని రాసి ఉంది.

డ్రైవరు బాజీ కిందికి దూకి, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, "సర్పంచి గారెవరండీ? మొక్కలకి నీళ్ళు తెచ్చానండి," అన్నాడు.

ఊరంతా వరద వంకా, ట్యాంకరు వంకా చూశారు. పల్లాలమ్మకి మాత్రం ఒక్కటే తట్టింది. నిండు ట్యాంకరు. అంత బరువు. గట్టు మోసింది.

"బాబూ, మా కోడలికి నొప్పులొత్తన్నాయి. ఆస్పత్రికి తీసుకెళ్ళు నాయనా."

"అయ్యో, దానికేం భాగ్యం తల్లీ, ఎక్కించండి. కాకపోతే నీళ్ళు పోసినట్టు ఒక ఫొటో కావాలండి. నిండు బండితో ఎనక్కెళితే జీతం కోసేత్తారు. ఒక్క నిమిషం."

"పొయ్యి బాబూ, గబగబా పొయ్యి. దాహంతో ఎండిపోతన్నాయి పాపం," అంది పల్లాలమ్మ.

బాజీ కుళాయి తిప్పాడు. వరదలో నిలబడ్డ నేరేడుచెట్టు మొదట్లో ట్యాంకరు నీళ్ళు ధారగా పడ్డాయి. తాతబ్బాయి పక్కన నిలబడి ఫొటో తీశాడు. ఆ నీళ్ళు వరదలో కలిశాయో లేదో, రత్నాన్ని ముందు సీట్లోకి ఎక్కించేశారు. పల్లాలమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

ట్యాంకరు కదిలింది. కింద దారి కనిపించదు. బాజీ కుడివైపు మద్దిచెట్లనీ, ఎడమవైపు కానుగల్నీ చూసుకుంటూ తోలుతున్నాడు. సరిగ్గా వెనకటికి పడవ సుడి తిరిగిన చోటికి వచ్చేసరికి చక్రం కిందికి దిగి, బండి పక్కకి ఒరిగింది. పల్లాలమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. అడుగున ఏదో కిర్రుమంది. ఒరిగిన బండి ఆ ఒరుగుడులోనే ఒక్క క్షణం ఆగింది. కింద మట్టి జారలేదు. బాజీ గేరు మార్చి ఎక్కించాడు.

"చెట్ల ఏళ్ళు మట్టిని పట్టుకున్నాయండి," అన్నాడు బాజీ.

పల్లాలమ్మ కళ్ళు తెరిచింది. తన చేతిలో రత్నం చెయ్యి వెచ్చగా ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా ఎముకలు విరిగేలా నొక్కుతోంది. ఆ నొక్కుడంతటి సుఖం తను జన్మలో ఎరగనని తర్వాత ఊరంతా తిరిగి చెప్పుకుంది.

ఆస్పత్రిలో, మంచం మీద, పొడి దుప్పట్లో ఆడపిల్ల పుట్టింది. జోరువానలో పుట్టిందని వర్షిణి అని పేరు పెట్టారు. బారసాలకి భానోజీరావు గారు వచ్చారు. పిల్లని ఎత్తుకుని పేరడిగి, కనుబొమలు ముడిచారు.

"నడివేసవిలో పుట్టిన పిల్లకి వర్షిణి ఏమిటమ్మా? రికార్డులు ఒప్పుకోవు."

"మీ నాన్నగారైతే ఏమనేవారండి?" అంది పల్లాలమ్మ.

ఆయన చుట్టూ చూశారు. కామేశం భోజనాల దగ్గర ఉన్నాడు. "బాగుందనేవాడమ్మా," అన్నారు మెల్లిగా.

ఇక నేను చెప్పింది అయిపోయింది. ఇందులో కల్పించినదేదో మీరు పట్టేశామనుకుంటున్నారు. తేలిపోయిన మొక్కలు? నిజమే. చేప వాన? కామేశాన్ని అడగండి. వరదలో నీళ్ళ ట్యాంకరు? బాజీ ఇప్పటికీ ఏటా శ్రావణంలో వస్తున్నాడు, మొక్కలకి పోసి, మా ఇంట్లో భోంచేసి వెళుతున్నాడు. నేను కల్పించింది ఒకే ఒక్కటి. భానోజీరావు గారు సరిగ్గా పది గంటలకే జీపు దిగారని రాశాను చూడండి, అది. ఆ పుష్యమాసం రోజున ఆయన వచ్చేసరికి పశువులు ఇళ్ళకి మళ్ళే వేళయింది. పొద్దున్నుంచీ ఆడవాళ్ళు గోతుల దగ్గర, తాతబ్బాయి ఇంజను దగ్గర, వాన గొట్టంలో, అందరూ ఆయన కోసం కాచుకునే కూర్చున్నారు.